నేపర్‌విల్ దాకా వెళ్ళని రైలు

శనివారం పొద్దున్న ఏడూ యాభై రెండుకి నేపర్‌విల్ స్టేషన్‌లో షికాగో రైలెక్కాను. కారుండగా రైలెందుకంటే, నాకు కంటి ఆపరేషన్ అయ్యాక మా అబ్బాయి కిరణ్ నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. "అమ్మా, నువ్ హైవే మీద డ్రైవ్ చేయకు, ప్రామిస్ చెయ్," అని వాడికొచ్చిన తెలుగులో అడిగితే కాదనలేకపోయాను. అసలు షికాగో ఎందుకంటే, థావ్ అనే పదహారేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంటలోపు మా ఊరి కాలేజీకి తీసుకురావాలి. అక్కడ ఆ పిల్లకి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పరీక్ష ఉంది. నెగ్గితే వేసవిలో ఆరు వారాల హెల్త్ సైన్స్ కోర్సులో ఉచితంగా సీటిస్తారు. ఒంటిగంటకి తలుపులు మూసేస్తామని, తర్వాత వచ్చినవాళ్ళని రానివ్వమని ఉత్తరంలో రెండుచోట్ల రాశారు.

నేను మత్తు డాక్టరుగా చేసి రిటైరైనదాన్ని. ఇన్నాళ్ళూ రోగుల్ని నిద్రపుచ్చావు, ఇప్పుడు పిల్లల్ని నిద్రపుచ్చుతున్నావు అని మా స్నేహితురాళ్ళు ఏడిపిస్తారు. రెండేళ్ళుగా ప్రతి శనివారం షికాగో ఉత్తరాన ఆర్గైల్ వీధిలో, ఒక బేకరీ పైగదిలో, వియత్నాం నుంచి కొత్తగా వచ్చిన హైస్కూలు పిల్లలకి కాంప్రహెన్షన్ చెబుతున్నాను. ఒక పాఠం ఇస్తాం, చదివి కింద ప్రశ్నలకి జవాబులు రాయాలి. మనం బడిలో చేసిందే.

థావ్ అందులో చురుకైనది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అంటే ఒక్క తప్పు ఉండదు. కానీ చివర్లో "రచయిత వాదనలో లోపం ఎక్కడుంది?" అనో, "మీరు ఒప్పుకుంటారా, ఎందుకు?" అనో ఒక పెద్ద ప్రశ్న వస్తుంది. మార్కులన్నీ దానికే. దాని కింద థావ్ ఎప్పుడూ ఒకే వాక్యం రాస్తుంది: "రచయిత చెప్పింది నిజం." ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, ఎవరేం రాసినా ఆ పిల్లకి నిజమే. మాటలు తెలియక అలా రాస్తోందని నేను తేల్చేసి, వారానికి నలభై పదాల లిస్టు ఇచ్చి బట్టీ పట్టించాను. నలభై పదాలూ అప్పజెప్పేది. జవాబు మాత్రం మారలేదు. ఆరోజు పరీక్షలోనూ చివరి ప్రశ్న అలాంటిదే ఉంటుందని తెలుసు కాబట్టి నాకు లోపల బెంగగానే ఉంది.

రైల్లో ఎదుటి సీట్లో ఒక తెలుగు జంట కూర్చుంది, బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళుతున్నారు. నేను వెళ్ళడానికీ రావడానికీ విడివిడిగా టికెట్లు కొన్నానని తెలిసి ఆ అమ్మాయి నొచ్చుకుంది. "డే పాస్ తీసుకోవాల్సింది ఆంటీ, యాప్‌లో బుక్ చేస్తే రోజంతా ఎన్నిసార్లయినా తిరగొచ్చు," అంది. నాకా రోజు నాలుగు ప్రయాణాలున్నాయి. వెంటనే నా ఫోన్ తీసుకుని తనే పాస్ కొనిపెట్టింది. మీలో ఎవరైనా శనాదివారాల్లో అటు వెళితే ఆ పాసే కొనండి.

తొమ్మిది కాకుండానే యూనియన్ స్టేషన్‌లో దిగాను. అక్కణ్ణుంచి పావుగంట నడిస్తే రెడ్ లైన్ అనే సిటీ రైలు, అందులో అరగంట వెళితే ఆర్గైల్. మెట్లు దిగగానే వీధంతా కొత్తిమీర, వేయించిన ఉల్లిపాయ, కాఫీ కలిసిన వాసన. బేకరీలో బాన్ మీ తిన్నాను. పొడవాటి రొట్టె చీల్చి, ఊరేసిన ముల్లంగీ కేరట్ ముక్కలు, కొత్తిమీర, పచ్చిమిరపకాయ పెట్టిస్తారు. శాకాహారులు టోఫూ పెట్టమని అడగాలి. ఏడు డాలర్లు, నాలాంటిదానికి రెండు పూటలు వస్తుంది. చిక్కటి తీపి పాలు పోసిన ఐసు కాఫీ కూడా తాగాను, ఈ సంగతి మా అబ్బాయికి తెలియదు.

పదింటికి థావ్ వాళ్ళమ్మతో వచ్చింది. వాళ్ళమ్మ పక్కవీధిలో గోళ్ళు అలంకరించే నెయిల్ సెలూన్‌లో పనిచేస్తుంది, శనివారం సెలవు దొరకదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు వియత్నామీస్ రాదు. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఏదో చెప్పింది. "మీరెలా చెబితే అలా నడుచుకోమంటోంది," అని థావ్ తల వంచుకుని చెప్పింది. ఆ పిల్ల నన్ను 'కో' అంటుంది. వాళ్ళలో టీచరమ్మనీ మేనత్తనీ ఒకే మాటతో పిలుస్తారట. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పదీ నలభైకి బయల్దేరాం. దారి పొడుగునా నేను పాఠం చెబుతూనే ఉన్నాను. ముందు ప్రశ్నలు చూడు, తర్వాత పాఠం చదువు, ఏదైనా సరే చివరిదాకా చదువు, సగం చదివి తెలిసిపోయిందనుకునేవాళ్ళే తప్పులు చేస్తారు, ఇలా. యూనియన్ స్టేషన్‌లోకి వచ్చేసరికి పదకొండూ ఇరవై ఆరు. మా రైలు పదకొండున్నరకి. ప్లాట్‌ఫామ్ గేటు దగ్గర ఒక బోర్డుంది, పైన 'శనివారం రైళ్ళు' అని పెద్దక్షరాలు. థావ్ అక్కడ ఆగింది. "రా రా, నాకు తెలుసు," అని చెయ్యి పట్టుకుని లాగాను. రెండేళ్ళుగా నేనెక్కుతున్న ప్లాట్‌ఫామ్ అది. ఎక్కి కూర్చున్నాం, రైలు కదిలింది.

ఇరవై నిమిషాలయ్యాక కండక్టర్ వచ్చాడు. నా పాస్ చూసి, ఎక్కడికని అడిగి, ఈ రైలు నేపర్‌విల్ దాకా పోదు, దారిలో డౌనర్స్ గ్రోవ్‌లో ఆగిపోతుందమ్మా అన్నాడు. ముందు పట్టాల పని జరుగుతోందట, నేపర్‌విల్ వెళ్ళేవాళ్ళని పక్క ప్లాట్‌ఫామ్ మీది రైలెక్కమని బోర్డు మీద రాశారట. ఆ రైలు వేరే పట్టాల మీద మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. తర్వాతది డౌనర్స్ గ్రోవ్‌కి ఒంటిగంటా పదికి. అంటే పరీక్ష తలుపులు మూసుకున్న పది నిమిషాలకి.

థావ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి నాకు అనుమానమొచ్చింది.

"బోర్డు చదివావా?"

"చదివాను, కో."

"అర్థమైందా?"

"అయింది. నేపర్‌విల్ వెళ్ళేవాళ్ళు ఈ రైలెక్కకూడదని ఉంది."

"మరి చెప్పవేం?"

మెల్లిగా అంది. "మీరు టీచర్ కదా. బోర్డు మీద లేనిదేదో మీకు తెలుసనుకున్నాను."

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదని చెప్పడానికి లేదు, కొంత ఆ పిల్ల మీదా వచ్చింది. ఆ వెంటనే కోపం చల్లబడింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట నేనూ ఒకప్పుడు నాలో నేను అనుకున్నాను.

పన్నెండూ పదికి డౌనర్స్ గ్రోవ్‌లో దిగి క్యాబ్ పిలిచాను. పద్దెనిమిది నిమిషాలు పడుతుందని ఫోన్ చెప్పింది. స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని, మా ఆయనకి కూడా ఎన్నడూ చెప్పని సంగతి ఆ పిల్లకి చెప్పాను. గుంటూరులో చదువయ్యాక ఈ దేశం వచ్చి రెసిడెన్సీ శిక్షణలో చేరిన మొదటి ఏడాది. ఒక పెద్ద సర్జన్ గారు రోగి కుడి మోకాలు శుభ్రం చేయించి కత్తి అందుకున్నారు. నా చేతిలో కాగితం మీద ఎడమ మోకాలు అని ఉంది. నేను చూశాను. మళ్ళీ చూశాను. అంత పెద్దాయనకి ఈ కాగితం మీద లేనిదేదో తెలిసే ఉంటుందనుకుని నోరు మూసుకున్నాను. మూలన నిలబడ్డ ఒక నర్సు, "డాక్టర్, ఆ కాలు కాదు," అంది. అంతే, ఆయన ఆగి కాలు మార్చారు. రోగికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

థావ్ అంతా విని, ఆ నర్సుకి భయం వేయలేదా అని అడిగింది. వేసే ఉంటుంది, అయినా చెప్పింది అన్నాను. అప్పుడు నా బుర్రలో వెలిగింది. "రచయిత చెప్పింది నిజం" అని ఏడాదిగా రాస్తున్నది అర్థంకాక కాదు. అచ్చులో పేరున్న పెద్దమనిషిని తప్పు పట్టడానికి మొహమాటం. నేనేమో జ్వరమొకటైతే మందొకటి ఇచ్చినట్టు పదాల లిస్టులు మింగించాను.

పన్నెండున్నరకి క్యాబ్ వచ్చింది. డ్రైవరు ఇథియోపియా మనిషి, సంగతి విని, పావుతక్కువ ఒకటికల్లా దింపుతానని మాటిచ్చాడు. కార్‌లో కూర్చోగానే థావ్‌తో అన్నాను. "ఇవాళ పొద్దుటి నుంచి నేను చేసిన తప్పులు చెప్పు. మర్యాద చూడకు."

ముందు ఒప్పుకోలేదు. చేతిసంచీ పట్టీ మెలిపెడుతూ కూర్చుంది. ఇది పరీక్షకి ప్రాక్టీసు అనుకో, నేనే పాఠం, నన్ను చదువు అన్నాను. అప్పుడు మొదలుపెట్టింది.

"మీరు బోర్డు పైన హెడ్డింగ్ మాత్రమే చూశారు. చివరిదాకా చదవమని నాకు చెబుతూ మీరు చదవలేదు."

డ్రైవరు నవ్వు ఆపుకోవడం అద్దంలో కనబడింది. చెప్పేవి శ్రీరంగ నీతులు అని మనవాళ్ళు ఊరికే అన్నారా. ఇంకా చెప్పమన్నాను.

"పరీక్ష ఒంటిగంటకైతే పదకొండున్నర రైలు పెట్టుకోకూడదు. దానికి ముందుది పట్టుకోవాలి."

అదీ నిజమే. ఇంకా?

ఈసారి కిటికీ వైపు తిరిగి చెప్పింది. "ఆ పదాల లిస్టుల వల్ల నాకేం ఉపయోగం లేదు, కో. ఆ మాటలన్నీ నాకు ముందే తెలుసు."

గుచ్చుకుంది, దాచడమెందుకు. ఆదివారాలన్నీ కూర్చుని నేను తయారుచేసిన లిస్టులవి. కానీ ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో అంత చక్కగా విడమరిచి చెప్పిన జవాబు ఆ పిల్ల నోట నేను వినడం అదే మొదటిసారి. పరీక్షలో కూడా ఇలాగే రాయి, కావాలంటే ముందు క్షమాపణ చెప్పుకుని రాయి అన్నాను. పన్నెండూ యాభై రెండుకి కాలేజీ గుమ్మంలో దిగాం. ముప్పై ఒక్క డాలర్లు తీసుకున్నాడు, పైన ఇచ్చింది నా సంతోషానికి. థావ్ లోపలికి వెళ్ళిన కాసేపటికి తలుపులు వేశారు.

గంటన్నర సేపు బయట కారిడార్‌లో కూర్చున్నాను. పొద్దుటి బాన్ మీలో మిగిలిన సగం బయటికి తీసి, మళ్ళీ సంచీలో పెట్టేశాను. నా కొడుకు మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ రోజున కూడా ఇంత గాభరా పడలేదు. రెండున్నర దాటాక పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చారు, థావ్ అందరికంటే ఆఖర్న వచ్చింది.

చివరి పాఠంలో ఎవరో ఒకాయన, ఆస్పత్రుల్లో దుబాసీలు అక్కర్లేదు, ఇంటి పిల్లలే పెద్దవాళ్ళకి డాక్టరు మాటలు చెప్పగలరు, ఖర్చు కలిసొస్తుందని రాశాడట. ఆయన వాదన మీద నీ అభిప్రాయమేమిటని ప్రశ్న. ఏం రాశావని అడిగాను.

"అయ్యా, క్షమించండి, మీరు రెండుచోట్ల పొరబడ్డారు అని మొదలుపెట్టాను," అంది. "అమ్మకి కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆ మాట అమ్మకి నేనే చెప్పాల్సి వచ్చింది. అది ఖర్చు కాదా అని రాశాను. కాగితం సరిపోక ఇంకోటి అడిగి తీసుకున్నాను."

గడ్డ మామూలుదేనట, తీసేశారట, అమ్మ బాగానే ఉందట. ఇన్ని నెలలుగా నాకీ సంగతి తెలియదు. రెండో కాగితం అడిగిందంటే చాలు, ఆ క్షణాన నాకు సీటు మాటే గుర్తు రాలేదు. ఫలితం రెండు వారాలకి వస్తుందన్నారు, ఇది రాసేనాటికి ఇంకా రాలేదు.

మూడూ ముప్పై అయిదు రైలుకి తిరుగు ప్రయాణం. ఈసారి బోర్డు ఇద్దరం చదివాం. థావ్ కిటికీకి తలానించి యూనియన్ స్టేషన్ దాకా నిద్రపోయింది. అయిదున్నరకి ఆర్గైల్‌లో వాళ్ళమ్మకి అప్పగించాను. ఆవిడ సెలూన్‌లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వద్దన్నా వినకుండా నాకో సంచీ ఇచ్చింది. నిండా పనసతొనలు.

ఆరూ నలభైకి ఇంటికి చివరి మజిలీ. రైలు కదలకముందే పనస వాసన పెట్టె అంతా పట్టేసింది. వెనక సీటు పెద్దాయన అదేమిటని అడిగితే ఒక తొన ఇచ్చాను. ఆయన తిని, ఇంకోటి ఉందా అన్నాడు. బయట మే నెల ఎండ ఇంకా ఇళ్ళ కప్పుల మీద ఉంది. ఒక్క రోజులో, సిటీ రైళ్ళు కాక, నాలుగు రైళ్ళు, ఒక క్యాబ్, మధ్యలో గుండె జారిన గంట. ఒళ్ళంతా నొప్పులే, అయినా మనసుకి హాయిగా ఉంది. ఏళ్ళ తరబడి చేసిన ప్రయాణాల్లో తప్పు రైలెక్కి ఇంత లాభపడింది ఇదొక్కటే.

హిన్స్‌డేల్ దాటాక ఫోన్ మోగింది. థావ్ మెసేజ్. పిల్లలకి వచ్చే వారం పాఠం ముందే ఇచ్చి, జవాబులు కూడా వెనక పేజీలో నేనే రాసిస్తాను, ఇంట్లో దిద్దుకోమని. ఆ కాగితం థావ్ ఇంటికెళ్ళగానే చూసినట్టుంది.

"కో, నాలుగో ప్రశ్నకి మీరు రాసిన జవాబు తప్పు. వంతెన మూసేస్తే లాభం దుకాణాల వాళ్ళకని రాశారు. కానీ ఆ దుకాణాలు అవతలి ఒడ్డుకి మారిపోయాయని ఆఖరి వాక్యంలో ఉంది."

చేతిసంచీలోంచి నా కాపీ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆఖరి వాక్యం దాకా చదివాను. ఉంది. నా జవాబు తప్పే.

ఈలోపు ఇంకో మెసేజ్ వచ్చింది. "మీకు కోపం రాలేదు కదా?"

"కొంచెం వచ్చింది," అని రాశాను. "అయిదోది కూడా చూడు."