వనపర్తి బజారులో నా బిడ్డ గొంతు

ఆ రోజు పాట సగంలో ఆగిపోయింది. కరెంటు పోయిందనుకొని నేను కొత్తిమీర కట్టలు కట్టుకుంటూనే ఉన్నాను. మైకు దుకాణం నడిపే ఆయన చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు.

"చిన్నమ్మా, గద్వాల నుంచి ఫోనొచ్చింది. లే, పోదాం."

జ్వరమని అల్లుడు దవాఖానలో చేర్చిన నా బిడ్డ ఇక లేదు.

మా బజారు రేడియో సంగతి బయటివాళ్లకు తెలియదు. అది నిజం రేడియో కాదు. మైకు దుకాణం నుంచి స్తంభం స్తంభానికీ వైరు లాగి మైకు డబ్బాలు కట్టారు. పొద్దంతా పాటలు వేసేవారు. నడుమ నడుమ చీరల దుకాణం గురించి, విత్తనాల దుకాణం గురించి చెప్పేవారు. ఆ దుకాణాలవాళ్లు ఇచ్చినదానితోనే అది నడిచేది. పదో తరగతి అయినాక నా బిడ్డ అందులో మాట్లాడే పనికి కుదిరింది.

మొదటి దినం పుస్తకం చదివినట్టు మాట్లాడింది. నా పక్కన టమాటాలు అమ్మే ఆమె డబ్బా వైపు చూసి, "ఎవరే నువ్వు? పట్నం దొరసానివా?" అని అరిచింది. అందరూ ఒకటే నవ్వు. మర్నాడు నా బిడ్డ మన మాటలోకి దిగింది.

"పాన్‌గల్ అక్కలారా, జర ఆగుర్రి. బస్సు యాడికి పోదు. చీరలు సూసి పోర్రి."

"గిప్పుడు మన పిల్ల లెక్కున్నది" అన్నది టమాటాలామె.

ఎవరి పిల్లలైనా తప్పిపోతే పాట మధ్యలోనే ఆపేది. "ఎర్రగౌను పాప నా కాడ బిస్కెట్ తింటుంది. వాళ్లమ్మా, నిమ్మళంగ రా, ఉరకకు" అని చెప్పేది. పాట ఆపావని దుకాణపాయన కోపం చేస్తే, "పాట మల్ల వస్తది అన్నా" అనేది.

ఒకనాడు, "కూరగాయల కాడ మా అమ్మ కూసున్నది, తిన్నదో లేదో అడుగుర్రి" అన్నది. వచ్చినవాళ్లంతా అడగడమే! ఇంటికొచ్చాక, "నా ఇజ్జత్ తీస్తున్నవే" అని తిట్టాను.

"రేడియో ఉన్నది గందుకే కదమ్మా" అన్నది నవ్వుతూ.

పెండ్లి అయి గద్వాల పోయింది. దాని చోట వేరే ఆయన మైకులో మాట్లాడసాగాడు. తరువాత అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి, పాటలూ వాటిలోకే పోయాయి. డబ్బాలు చాలావరకు మూగబోయాయి.

బిడ్డ పోయిన దినాలు అయినాక మైకు దుకాణం మెట్లెక్కాను. "నాయనా, దాని గొంతేమన్న ఉన్నదా?" అని అడిగాను.

ఆయన తల వంచుకున్నాడు. "ఉన్న క్యాసెట్ల మీదనే మల్ల మల్ల నింపినం చిన్నమ్మా. కొత్తది చెప్తే పాతది పోతది."

అయినా అట్టపెట్టె దించి ఒక్కొక్కటే వేశాడు. అన్నింటిలో ఆ వేరే ఆయన గొంతే. ఒకదానిలో పల్లికాయ విత్తనాల ముచ్చట అయిపోయి, ఉత్త గరగర వచ్చింది. తీసేద్దామని ఆయన చెయ్యి పెట్టాడు.

"బందు చేసినవా అన్నా? ఆకలైతుంది. మా అమ్మ గోంగూర తొక్కు పంపింది, రా తిందాం."

అంతే. మళ్లీ గరగర.

బయటి వైరు తీయడం ఆయన మరిచిపోయాడు. కిటికీలోంచి కిందికి చూశాను. మా కూరగాయల వరుసలో ఇంకా మోగుతున్న డబ్బా ఒకటుంది. టమాటాలామె తరాజు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, దాని వైపే చూస్తోంది.