పేరు అడగమన్న నర్సమ్మ

నర్సమ్మ పోయిందన్న కబురు మా కోడలు నాకు చెప్పిన తీరు ముందు చెప్పాలి. పొయ్యి కట్టేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. తను ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, నా మణికట్టు పట్టుకుని, "అత్తయ్యా, నర్సు ఆంటీ ఇవాళ పొద్దున హాస్పిటల్లో చనిపోయారు" అంది. సీరియస్‌గా ఉందట, చూడాలట అని నాన్చలేదు. చెప్పి ఊరుకుంది. నాకు ఏడుపు వచ్చేదాకా చెయ్యి వదల్లేదు. చావు కబురు అట్లా చెప్పాలని దానికి నేర్పింది కూడా ఆ నర్సమ్మే.

పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో, మేముండే ఆష్‌బర్న్‌లో ఆవిడకి సంతాప సభ పెట్టారు. నలుగురైదుగురు మాట్లాడారు. పులావు బాగా వండేదన్నారు. చర్చిలో గొంతెత్తి పాడేదన్నారు. ఆఖర్న ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "పాపం, ఆ రోజుల్లోనే అమెరికా వచ్చి కూడా లైఫంతా నర్సుగానే ఉండిపోయారు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. మా అబ్బాయి నా కొంగు పట్టుకుని, "అమ్మా, కూర్చో. హాల్ టైమ్ అయిపోయింది" అన్నాడు. కూర్చున్నాను గాని ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఇది. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా తప్పులు వచ్చిన చోటల్లా పెన్ను ఆపుతోంది. రాయమని గదమాయిస్తున్నాను.

ఆవిడ ఇల్లు మా వరసలోనే, మూడు గుమ్మాల అవతల. గుంటూరు వైపు మనిషి. అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, పెళ్లి కాకముందే ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా అదే పని చేసింది. భర్త పోయాడు, కూతురు వేరే రాష్ట్రంలో ఉంటుంది. గడియారం ముఖం అరచేతి వైపుకి తిప్పి పెట్టుకునేది. తలుపు బార్లా తీసి ఉన్నా వేలితో రెండుసార్లు కొట్టి, లోపలి నుంచి "రండి" అంటేగాని గడప దాటేది కాదు.

ఈ చుట్టుపక్కల ఎవరి ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, వాళ్లకి ఒంట్లో బాగాలేకపోతే ముందు ఫోను వెళ్లేది ఆవిడకే. పిల్లలు "ఆంటీ, అమ్మకి పెయిన్ అంట" అని ఊరుకునేవాళ్లు. ఆవిడ ఊరుకునేది కాదు. "పోటా, సలుపా, మంటా, పీకుతోందా? అడిగి చెప్పు. ఫోను అమ్మకివ్వు, నేనే అడుగుతా" అనేది. నా మోకాళ్లది సలుపు అని ఈ దేశంలో తెలుసుకున్నది ఆవిడ ఒక్కతే.

మా కోడలు బీకాం చదివింది. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఏళ్ల తరబడి ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని వీసా మీదే ఉండిపోయింది. గ్రీన్ కార్డు వచ్చిన నెలలోనే, కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదువుతానంది. మా అబ్బాయి సరేనన్నాడు. నేను అనలేదు. నర్సమ్మ మా ఇంట్లో కూర్చుని ఉండగానే, ఆవిడ మొహం మీదే అన్నాను: "మా ఇంటి కోడలు పరాయివాళ్ల దొడ్డి ఎత్తాలా?"

ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి నవ్వింది. "రేపు మనం మంచాన పడితే మన దొడ్డి ఎవరెత్తుతారు అక్కయ్యా? మీ అబ్బాయి లాప్‌టాపా?"

ఆ కప్పు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడే పెన్ను ఆగింది. మాకందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ పోసుకుని, ఆవిడకి మటుకు కాగితం కప్పులో ఇచ్చేదాన్ని. ఎందుకో మీకందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. ఒకసారి మా మనవరాలు "వై పేపర్ కప్ ఫర్ ఆంటీ?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా ఆవిడే, "నాకు వెళ్తూ వెళ్తూ తాగడం అలవాటమ్మా" అంది. కూర్చుని తాగుతూనే ఆ మాట అంది.

నేను ఒప్పుకోలేదని కోడలు ఆగలేదు. నర్సింగ్‌లో చేరడానికి ముందు చదవాల్సిన క్లాసులే రెండేళ్లు పట్టాయి. ఒంట్లో ఎముకలు, నరాలు, కంటికి కనిపించని పురుగులు. పిల్లల్ని బస్సెక్కించి కాలేజీకి పోయేది, వచ్చి చపాతీలు వత్తుతూ ఎముకల పేర్లు వల్లించేది. సాయంత్రం నాలుగింటికి నర్సమ్మ వచ్చేది. బొమ్మల పుస్తకం పక్కన పెట్టి, "అక్కయ్యా, చెయ్యి ఇటివ్వండి" అని నా చెయ్యి చాపి, ఒక్కొక్క కణుపూ నొక్కి, "ఇదేంటి? ఇదేంటి?" అని కోడల్ని అడిగేది. తడబడితే మళ్లీ నొక్కేది. "మీ చదువులకి నా చెయ్యి కమిలిపోతోంది" అని నేను తిడుతుంటే, "బక్క పేషెంటు దొరకడం మా అదృష్టం, అన్నీ పైకే కనిపిస్తున్నాయి" అనేది. నేను చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో అప్పుడు నాకూ తెలియదు.

సీటు వచ్చింది. దానికి ఒక మెలిక ఉంది. ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోపు నర్సు సహాయకురాలి పరీక్ష పాసైనట్టు కాగితం చూపించాలి. చూపించకపోతే ఆ సీటు వెనక ఎదురుచూస్తున్న వాళ్లకి ఇచ్చేస్తారు. మళ్లీ అప్లికేషన్ దగ్గర్నుంచి మొదలెట్టాలి. మా కోడలికి అప్పటికే నలభై దాటాయి. "ఈసారి పోతే ఇంక నాకు ఓపిక లేదు అత్తయ్యా" అని ఒక్కసారే అంది.

పరీక్ష చేత్తో చేసి చూపించేది. ఒక పెద్దావిడని పేషెంటులా మంచం మీద పడుకోబెడతారు. కోడలు చేతులు కడుక్కుంది, తెర లాగింది, నాడి చూసింది, లెక్క సరిగ్గా చెప్పింది. ఫెయిల్ చేశారు.

ఆ సాయంత్రం నర్సమ్మ వచ్చేసరికి కోడలు సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెలే కడుగుతోంది.

"ఎందుకు ఫెయిల్ చేశారు?"

"పేషెంట్ నేమ్ అడగలేదంట ఆంటీ. చేతి పట్టీ మీద పేరు చెక్ చెయ్యలేదంట."

"ఎందుకు అడగలేదు?"

"ఆవిడ మా అమ్మమ్మ అంత ఉంటుంది. మొహం మీద నీ పేరేంటి అని ఎట్లా అడుగుతాను? హలో ఆంటీ అన్నాను. నవ్వుతూనే అన్నాను."

నేను అందుకున్నాను. "అందులో తప్పేముంది? అది పెంపకం. పెద్దవాళ్లని పేరు అడగనందుకు ఫెయిల్ చేసే పరీక్ష ఏం పరీక్ష?"

నర్సమ్మ నాతో వాదించలేదు. "అక్కయ్యా, సోఫా మీద పడుకోండి" అంది.

"నాకేం రోగం?"

"ఏ రోగం కావాలంటే అది. ఇవాళ మీరే పేషెంటు."

కాగితం టేపు ముక్క చించి, దాని మీద ఏదో రాసి నా మణికట్టుకి అంటించింది. కోడల్ని గది బయటికి పంపి తలుపు కొట్టి రమ్మంది. కోడలు వచ్చింది. "అత్తయ్యా..." అంది.

"హాస్పిటల్లో అత్తయ్య అని ఎవరూ ఉండరు. మళ్లీ రా."

మళ్లీ వచ్చింది. "అమ్మా..." అంది. ఆవిడ మళ్లీ బయటికి పంపింది. మూడోసారి వచ్చి కొయ్యబొమ్మలా నిలబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఇళ్లలో కోడలు అత్త పేరు పలకదు. నేను మా అత్త పేరు ఆవిడ పోయాక కూడా పలకలేదు. రేషన్ షాపులో మా ఆయన పేరు అడిగితే పక్కనున్నావిడ చేత చెప్పించినదాన్ని. నాకు ఒళ్లు మండింది. లేచి కూర్చుని టేపు పీకేశాను. "కోడలు వచ్చి అత్తని నీ పేరేంటి అని అడగడం నా ఇంట్లో జరగదు. చదువు లేకపోతే లేకపోయింది."

ఆవిడ కోప్పడలేదు. నా కాళ్ల దగ్గర కార్పెట్ మీద కూర్చుంది.

"నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకే గదిలో ఇద్దరు ముసలమ్మలు ఉండేవాళ్లు అక్కయ్యా. మధ్యలో తెర. నాకూ మీ కోడలిలాగే పేరు అడగడానికి నోరు రాలేదు. నవ్వి, తలూపి, ఒకావిడ ఇన్సులిన్ ఇంకొకావిడకి పొడిచేశాను."

"చచ్చిపోయిందా?"

"లేదు. చెమటలు పట్టి, మాట పడిపోయి, మధ్యాహ్నానికి తేరుకుంది. అప్పుడు అడిగాను ఆమె పేరు. తప్పు చెప్పి క్షమించమని అడగాలంటే పేరు కావాలిగా."

ఆవిడ కోడలి వైపు తిరిగి అంది: "మంచం మీద ఉన్నవాళ్ల ఒంటి మీద బట్ట కూడా వాళ్లది కాదమ్మా, హాస్పిటల్‌ది. పేరు ఒక్కటే వాళ్లది. అది అడగడానికి సిగ్గుపడకు."

నేను మళ్లీ పడుకున్నాను. పీకేసిన టేపు నేనే అంటించుకున్నాను. "రా. అడుగు" అన్నాను.

కోడలు తలుపు కొట్టింది. దగ్గరికొచ్చింది. "నా పేరు ఫలానా, ఇవాళ మీ నర్సుని నేనే. మీ పేరు చెప్తారా?" అంది.

నన్ను పేరు పెట్టి ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయింది? మా నాన్న పిలిచేవాడు, మా అక్క పిలిచేది. తర్వాత అత్తగారికి 'ఏమే', ఆయనకి 'ఇదిగో', పిల్లలకి అమ్మ, మనవలకి నానమ్మ, ఈ దేశంలో అందరికీ ఆంటీ.

"సుబ్బులు" అన్నాను. ఎవరో చిన్నపిల్ల అన్నట్టు వినిపించింది.

మెట్ల మీద నుంచి మా మనవరాలు, "నానమ్మ, నీ నేమ్ సుబ్బులు ఆ? సో క్యూట్!" అని అరిచింది.

నర్సమ్మ మటుకు నవ్వలేదు. "టేపు మీద వెంకటసుబ్బమ్మ అని ఉంది. పేషెంటు సుబ్బులు అంటోంది. ఇప్పుడేం చేస్తావు?"

కోడలు తడుముకోకుండా, "మందు ఇవ్వను ఆంటీ. ఆపేసి పై నర్సుని పిలుస్తాను" అంది.

"పుట్టిన తేదీ కూడా అడుగు."

"గాలివాన వచ్చిన ఏడు, వేరుశనక్కాయ పీకే రోజుల్లో" అన్నాను నేను.

"పాస్‌పోర్టులో జూలై ఒకటి. మనవాళ్లు సగం మంది ఆ రోజే పుట్టారు" అంది నర్సమ్మ. అప్పుడు ముగ్గురం నవ్వాం. ఆ రోజు ఆవిడకి నా స్టీలు గ్లాసులో కాఫీ పోసి ఇచ్చాను. ఆవిడ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, పంచదార తక్కువైందంది.

ఆగస్టు లోపు ఇంకొక్కసారి పరీక్షకి వెళ్లొచ్చు, దానికి పన్నెండు రోజులుంది; ఆ పన్నెండు రోజులూ అదే పని. చెవిటి పేషెంటుని అయ్యాను, నిద్రపోతున్న పేషెంటుని అయ్యాను. "కోపిష్టి పేషెంటు వేషం మటుకు అక్కయ్యకి నేర్పక్కర్లేదు" అనేది. రోజుకి పదిసార్లు నా పేరు చెప్పాను. నాకు అలవాటైపోయింది. ఇంకా అడిగితే బాగుండుననిపించేది.

రెండో పరీక్షకి ముగ్గురం కారులో వెళ్లాం. కోడలు లోపలికి వెళ్లింది. నర్సమ్మ కళ్లు మూసుకుని ఆవిడ దేవుణ్ణి, నేను నా దేవుణ్ణి అడుగుతూ కూర్చున్నాం. గంట దాటాక కోడలు బయటికొచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. కారు తలుపు తీసింది.

"పాసయ్యావా?" అన్నాను.

"ఆవిడ పేరు మార్గరెట్ అత్తయ్యా" అంది.

నర్సమ్మ వెనక సీట్లోంచి కోడలి జడ పట్టుకుని లాగి, తల మీద ముద్దు పెట్టుకుంది. పాసైనట్టు కాగితం తర్వాత వచ్చింది. ఆ ముద్దు దానికోసం ఆగలేదు.

ఇప్పుడు సభలో మాట్లాడిన పెద్దమనిషికి నా జవాబు. అవునయ్యా, నర్సుగానే ఉండిపోయింది. రిటైరయ్యాక, భర్త పోయాక, తన గుండె తనకి సహకరించనప్పుడు కూడా నర్సుగానే ఉండిపోయింది. నీకు రేపు ఛాతీలో పోటు వస్తే, అది పోటో మంటో నీ భాషలో అడిగే మనిషి ఈ ఊళ్లో ఇక లేదు. మా కోడలు ఆ పని నేర్చుకుంటోంది. ఇంకా ఏడాది పైన చదవాలి. అప్పటిదాకా ఒళ్లు జాగ్రత్తగా చూసుకో.

పోయిన ఆగస్టులో మొదటి రోజు క్లాసుకి కోడలు నీలం యూనిఫారం వేసుకుని, తెల్ల బూట్లు తొడుక్కుని తెల్లవారుతూండగానే బయలుదేరింది. చూస్తే నర్సమ్మ అప్పటికే మా ఇంటి ముందుకొచ్చి నిలబడి ఉంది. నైటీ మీద స్వెట్టరు, కాళ్లకి ఇంటి చెప్పులు. వంగి, కోడలి కుడి బూటు తాడు వదులుగా ఉందని విప్పి, మళ్లీ గట్టిగా కట్టింది. లేవడానికి కారు పట్టుకుంది. కోడలు కారు వెనక్కి తీసి, మలుపు దాటి వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చేశాను. వంటగది కిటికీలోంచి చూస్తే ఆవిడ ఇంకా రోడ్డు మధ్యలోనే నిలబడి ఉంది, ఆ మలుపు వైపే చూస్తూ. చెత్తబండి వచ్చి ఆవిడ వెనక ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరగకుండానే, ఉండు బాబూ అన్నట్టు చెయ్యి పైకెత్తింది. ఆ పెద్ద బండి అట్లాగే ఆగిపోయింది.