అక్తరీ బేగం ఎక్స్‌పైరీ

అక్తరీ బేగం నోట్లో పడిన ఇంగ్లీషు మాట మళ్ళీ కన్నవాళ్ళు గుర్తుపట్టే రూపంలో బయటికి వచ్చిన దాఖలా మస్కట్‌లో లేదు.

రమణి ఆ సంగతి తెలుసుకున్నది హమ్రియా నుంచి ఖురం పోయే షేర్ టాక్సీలో. గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది, ఒక శుక్రవారం పొద్దున. డ్రైవరు యాకూబ్ గబుక్కున బ్రేకు వేశాడు. వెనక సీట్లో రమణి "అమ్మో!" అంది. ముందు సీట్లో, ఒళ్ళో పెద్ద డేగిసా పెట్టుకుని కూర్చున్న నల్ల బురఖా మనిషి వెనక్కి తిరిగింది.

"తెలుగు పాపవా? ఏ ఊరు?"

"అమలాపురం అవతలండీ."

"నాది రాయచోటి. అక్తరీ అంటారు. భయపడాకు, ఈ రోడ్లల్లో నాకు చానా ఏండ్ల ఎక్స్‌పైరీ ఉండాది."

రమణి ఆమెను ఎగాదిగా చూసింది. ఎక్స్‌పైరీ అయిన సరుకేదీ అంత పుష్టిగా ఉండగా ఆమె చూడలేదు.

"యాడ డ్యూటీ?"

"ఖురంలో, శ్రీలక్ష్మి మేడమ్ గారింట్లో. పుదీనా తెమ్మంటే వచ్చానండీ."

"ఓ! ఈ పొద్దు ఆ ఇంట్లో చికెన్ దమ్ బిరియానీ చేసేది నేనే. ఆ మేడమ్ మంచిదే పాపా, నోట్లోనే శాలరీ కొంచెం ఎక్కువ."

"శాలరీయా?"

"అదేమ్మే, కూరల్లో వేస్తాం గదా, తెల్లంగా!"

ఉప్పుకీ జీతానికీ పాత రోము భాషలో చుట్టరికం ఉందని పెద్ద పెద్ద గ్రంథాలు చెబుతాయి. ఆ చుట్టరికాన్ని అక్తరీ బేగం కూరలోనే కలిపేసింది.

రమణికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆ వెంటనే దిగులూ వచ్చింది. "మా మేడమ్ ఇంగ్లీషులోనే మాట్లాడమంటారక్కా. తప్పొస్తే నవ్వుతారు. అందుకే నోరు విప్పడం మానేశాను. ఇవాళ చుట్టాల ముందు మూగదానిలా నిలబడితే ఏజెంటు దగ్గరికి తిరిగి పంపేస్తానన్నారు."

"మాట్లాడి తప్పు చెప్తే?"

"అప్పుడూ పంపేస్తారండీ."

అక్తరీ బేగం ఏదో అనబోయింది. ఇంతలో ఇల్లు వచ్చింది. దిగి డేగిసా నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. "ఈ అమ్మ ఎప్పుడూ ఇంతే. పోయేటప్పుడు ఖుదాహాఫిజ్ కూడా అనదు," అని యాకూబ్ హిందీలో విసుక్కున్నాడు.

మధ్యాహ్నానికి హాలంతా బంధువులు, స్నేహితులు, అత్తరు వాసన. రమణి వేపుడు పళ్ళెం పట్టుకుని వచ్చింది. బ్యాంకు ఆఫీసరు భార్య అడిగింది: "వాట్ ఈజ్ దిస్?"

రమణి కళ్ళు మూసుకుని చెప్పేసింది. "కిచెన్, మేడమ్. కిచెన్ ఫ్రై."

హాలు ఘొల్లుమంది. "గ్యాస్ పొయ్యి కూడా వేయించావా?" అన్నారెవరో. శ్రీలక్ష్మి మొహం కందగడ్డ అయింది. "చాలు. రేపే ఏజెంటుకి ఫోన్ చేస్తాను," అంది తెలుగులోనే. కోపానికి ఆమె ఇంగ్లీషు కూడా ఆగలేదు.

అప్పుడు వంటింటి గుమ్మంలో గరిటె కనిపించింది. దాని వెనక అక్తరీ బేగం.

"మేడమ్, సీరియల్‌గా అడుగుతాండా. ఏంటికి నగుతాండారు? కిచెన్ బాగలేదా?"

"అక్తరీ, అది చికెన్!"

"మీకు చికెన్. వండినోళ్ళకు కిచెన్."

"కరెక్ట్ ఇంగ్లీష్ అదీ..." అని ఆఫీసరు సర్దిచెప్పబోయాడు.

"ఇంగ్లీషోళ్ళు ఈడ ఎవరుండారు సార్? వచ్చి అడగమనండి, జవాబు చెప్తా."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మస్కట్ కొండల మీద కోటలు కట్టిన పోర్చుగీసువాళ్ళు ఏనాడో ఓడెక్కి పోయారు. వాళ్ళ భాషలోంచి వచ్చిన అల్మారా అన్న మాట మాత్రం మన ఇళ్ళల్లో ఉండిపోయింది. దాన్ని సరిగ్గా పలుకుతున్నారా లేదా అని చూసిపోవడానికి ఒక్కడూ తిరిగి రాలేదు.

"బిరియానీ దమ్ము మీదుండాది," అంది అక్తరీ బేగం. "మూత తీసేది నేను. కిచెన్ అని అడిగినోళ్ళకే వడ్డన. పాపను పంపించేది ఉంటే నన్నూ, డేగిసానూ కలిపి పంపించండి."

వెళ్ళి డేగిసా పక్కన పీట వేసుకుని కూర్చుంది. మూత సందులోంచి వాసన హాల్లోకి వచ్చింది. మర్యాదస్తులు కాసేపు సినిమాల గురించి మాట్లాడుకున్నారు. వాసన మళ్ళీ వచ్చింది. ముందుగా ఇంటి యజమానే లొంగిపోయాడు. పళ్ళెం పట్టుకొచ్చి, భార్యకి వినపడకుండా, "కొంచెం కిచెన్ వెయ్యమ్మా," అన్నాడు.

"వినపడలే సార్."

"కిచెన్! కిచెన్ బిరియానీ!"

ఆ తర్వాత ఆఫీసరు వచ్చాడు. ఆయన భార్య లెగ్ పీసుతో కిచెన్ అడిగింది. పిల్లలైతే కిచెన్ కిచెన్ అని ఇల్లెగరగొట్టారు. చివరికి శ్రీలక్ష్మి కూడా, వడ్డన హడావుడిలో తెలియకుండానే, "రమణీ, పిన్నిగారికి కిచెన్ అయిపోయింది చూడు!" అని కేకేసింది. అని, నాలుక కరుచుకుంది. కరుచుకుని, నవ్వేసింది. ఏజెంటు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఎండ తగ్గాక రమణి టాక్సీ స్టాండు దాకా సాగనంపడానికి వచ్చింది.

"అక్కా, పొద్దున టాక్సీలో చికెన్ అని సరిగ్గానే అన్నారు కదా?"

"అన్నా."

"మరి?"

అక్తరీ బేగం డేగిసా చంక మార్చుకుంది. "రాబియా అని మా ఊరి పిల్ల. ఇంటర్వ్యూలో నాకు ఎక్స్‌పైరీ ఉందనింది. అందరూ నగినారు. పాపం, రూమ్‌కొచ్చి మాతో కూడా మాట్లాడలే. సరే అని నేనూ ఎక్స్‌పైరీ అనబట్టినా. సీరియల్ జైనబీది. శాలరీ హమీదున్నీసాది. ఈ పొద్దు నుంచి కిచెన్ నీది. ఒకరంటే తప్పు పాపా. ఇద్దరం అంటే అది మాట."

"మరి మీదేదక్కా?"

"నాదా? మొదట పనిచేసిన ఇంట్లో పనైపోయి పోతా పోతా 'వెల్‌కం మేడమ్' అన్నా. గేటు దాకా నగినారు. అప్పటినుంచి పోయేటప్పుడు నేనేం చెప్పను."

అని, డేగిసా నెత్తిన పెట్టుకుని, నిజంగానే ఏమీ చెప్పకుండా, అవతలి వైపు టాక్సీ కోసం రోడ్డు దాటే వంతెన వైపు నడిచి వెళ్ళిపోయింది.

రమణి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గొంతెత్తి, ఖురం అంతా వినపడేలా అరిచింది:

"వెల్‌కం, అక్తరక్కా! వెల్‌కం!"

స్టాండులో టాక్సీవాళ్ళు పకపకా నవ్వారు. రమణి నడుం మీద చేతులు వేసుకుని వాళ్ళ వైపు తిరిగింది. "ఏం, మీకు రాదా? అనండి చూద్దాం!"

వంతెన మీద బురఖా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. నెత్తి మీద డేగిసాలో గరిటె మాత్రం, ఎవరో నవ్వాపుకుంటున్నట్టు, గలగలమంటూ పోయింది.