మందుల పెట్టె తేని దొరసాని

నా చిన్నప్పుడు, నిజాం కాలంలో, మా గద్వాల వాళ్ళకు దొరసాని అంటే మనిషి కాదు, మందుల పెట్టె. సముద్రాల అవతలి నుంచి భర్తతో కలిసి క్రైస్తవ మిషను పనికి వచ్చిన ఆ తెల్లావిడ గుమ్మం ముందు తెల్లవారకముందే జనం కూర్చునేవారు. మా నాయనమ్మ ఆ ఇంట్లో పనిచేసేది. అందుకే ఆ దంపతులు ఒకసారి అలంపూర్ గుళ్ళు చూడబోతుంటే మేమిద్దరమూ వెంట వెళ్ళాం. ఈ ఒక్క రోజుకైనా పెట్టె ఇంట్లో ఉండనీ అన్నాడట దొర. ఈ సంగతి చెబితే ఆయన్ను తప్పుపట్టే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ పుండ్లు కడిగిన మనిషికి ఒక్క పూట రాతిబొమ్మలు చూసుకునే హక్కు లేదా?

రైలు దిగి, బండెక్కి, తుంగభద్ర ఒడ్డుకు చేరేసరికి పొద్దెక్కింది. మా బోటి వాళ్ళను గుళ్ళోకి రానివ్వరు కనుక దొరా దొరసానీ కూడా లోపలికి పోకుండా మాతో పాటే బయటి గోడల చుట్టూ తిరిగారు. గాలిలో ఎగిరే గంధర్వుల బొమ్మ చూసి దొరసాని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆవిడ అంతగా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

అంతలో ఒక కాపు ఇల్లాలు పరుగెత్తుకొచ్చి, ఏడాది నిండని కొడుకును ఆమె చేతుల్లో పెట్టేసింది.

"మందుల దొరసాని వచ్చిందన్నరమ్మా! పాలు తాగుత లేడు, కండ్లు తెరుస్త లేడు. జర సూడమ్మా!"

దొరసాని నాడి పట్టింది, రెప్ప ఎత్తి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. తను నేర్చుకున్న పుస్తకాల తెలుగులో, "నా యొద్ద ఔషధము లేదు. ఉన్నను ఇక ప్రయోజనము లేదు" అంది మెల్లగా.

"ఏమంటుందవ్వా?" అని ఆ తల్లి మా నాయనమ్మను అడిగింది.

"మందు తేలేదంట బిడ్డా." రెండో మాటను నాయనమ్మ మింగేసింది.

"తేకుంటేంది? చెయ్యన్న పెట్టమను. ఆమె చెయ్యి పడితే సాలు!"

నాయనమ్మ చెంబుతో నీళ్ళు తేబోతే, మేమెవరమో గుర్తుపట్టిన ఆ తల్లి వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అలాంటి వేళ కూడా! నాకు ఒళ్ళు మండి, పోదాం పా అవ్వా అని కొంగు లాగాను. రైలుకు వేళవుతోందని దొర కూడా పిలిచాడు. దొరసాని కదల్లేదు. గోడకు వీపు ఆనించి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, తల నిమురుతూ కూర్చుంది. దొర కాసేపు నిలబడి చూసి, తనూ పక్కనే చతికిలబడి టోపీతో విసరసాగాడు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. మధ్యలో నాయనమ్మ కొంగు తడిపి బిడ్డ పెదాలకు అద్దింది. ఆ తల్లి ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. పొద్దు వాలకముందే బిడ్డ పోయాడు. దొరసాని వాణ్ని తల్లి ఒళ్ళోకి అందించి, ఆమె భుజం పట్టుకుని ఏడ్చింది.

తిరుగు బండిలో నేను ఊరుకుంటానా?

"ఏం జేసిందవ్వా ఆమె? ఉత్తగనే కూసుంది. రైలు బాయె, బొమ్మలు సూసుడు బాయె, పోరడూ దక్కకపాయె!"

"నీ నోట్ల మన్నువడ! లేసి పోలేదు గదనే" అంది నాయనమ్మ.

కాలేజీ చదువు చదివాక కూడా ఆ జవాబుతో నేను చాలాకాలం పోట్లాడాను. పక్కన కూర్చుంటే ప్రాణం నిలుస్తుందా? నిలవదు. మా అమ్మ మంచాన ఉన్న చివరి రోజుల్లోనూ నిలవలేదు. డాక్టరు చేతులెత్తేశాడు, నా చేతుల్లోనైతే మొదటినుంచీ ఏమీ లేదు. అయినా లేచి పోలేకపోయాను.

ఇప్పుడు ఎవరింట్లో మనిషి పోయేలా ఉన్నా, పిలవకపోయినా వెళ్తాను. అంతా మంచే జరుగుతుందని అబద్ధాలు చెప్పను. ఏ మాటకైనా ఎదురు మాట అనందే ఊరుకోదని నాకు పేరుంది. ఆ మంచం పక్కన మాత్రం నోరు మూసుకుని, వాళ్ళు పొమ్మనేదాకా కూర్చుంటాను.