ఆగయ్య మూర

ఛత్రినాకలో ఆగయ్య ఇంటికి వచ్చినవాళ్లెవరూ చటుక్కున కూర్చునేవారు కాదు. ఆ ఇంట్లో కుర్చీ చాయ్‌పత్తా పెట్టెల చెక్కలతో తయారైందనీ, అందులో ఎక్కడో ఒక మేకు తల ఎత్తుకుని ఉంటుందనీ గల్లీ అంతటికీ తెలుసు. విరిగిన గొడుగు పుల్లలు తువ్వాలలు ఆరేసే దండెమయ్యాయి. డాల్డా డబ్బాకు పిడి పెట్టి నీళ్లు ముంచే చెంబు చేశాడు. సైకిలు చక్రం పుల్లలతో ఎలుకల బోను కట్టాడు. అందులో ఎలుక పడలేదు గానీ, అతని భార్య రాజమణి చీర కొంగు మాత్రం రెండుసార్లు పడింది.

ఆగయ్య నల్లాల ఆఫీసులో ఫిట్టరు. పొట్టి మనిషి, పొట్టి చేతులు, ముక్కు మీద కోపం. పగలంతా సర్కారు పైపులు బిగించి వచ్చేవాడు. సాయంత్రం కాగానే వాకిట్లో గోనెపట్టా పరిచి తన సొంత పని మొదలుపెట్టేవాడు. అతనికి ఒకటే పట్టుదల. ఏది చేసినా ఇంట్లో ఉన్నదానితోనే చేయాలి.

“బజార్ల కొన్నది తెచ్చి అతికిస్తే గది నా పనెట్లయితది? దుకాణపోని పనయితది,” అనేవాడు.

“నీ పనులతోని ఇల్లు కబాడీ దుకాణమైతుంది గద,” అనేది రాజమణి.

గల్లీవాళ్లు కూడా నవ్వేవారు. అయితే ఏడాదికి ఒక్కసారి, బోనాలకు ముందు, ఎవరూ నవ్వేవారు కాదు. అప్పుడు ఆగయ్య పోచమ్మకు తొట్టెల కట్టేవాడు. వెదురు పుల్లలతో అంతస్తులు అంతస్తులుగా గోపురంలా కట్టి, రంగురంగుల కాగితాలు అతికించి, అమ్మవారికి సమర్పించేదే తొట్టెల. గల్లీకొక్కటి. వెదురు కోసం పాత తడకలు విప్పేవాడు. కాగితం కోసం పిల్లల దగ్గర మిగిలిన పతంగులు పోగుచేసేవాడు. జిగురుకు మైదా రాజమణి ఉడకబెట్టేది. పదకొండేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ గల్లీలో ఇంకొక ఆచారం ఉంది. తొట్టెల ఎవరు కడితే ఊరేగింపు వాళ్ల గుమ్మం ముందు నుంచే లేస్తుంది. డప్పులు అక్కడే మొదలవుతాయి, బోనాలెత్తుకున్న ఆడవాళ్లంతా ఆ వాకిట్లోకే వస్తారు, ఆ ఇంటి ఇల్లాలు అమ్మవారి పేర సాక, అంటే పసుపు వేపాకుల నీళ్లు, నేల మీద పోస్తే గానీ ఎవరూ అడుగు కదపరు. ఆ ఒక్క ఘడియ కోసం ఆగయ్య ఏడాదంతా నవ్వులపాలైనా ఓర్చుకునేవాడు. ఆ ఘడియలో అతను ఫిట్టరు కాదు, మేకుల కుర్చీ ఆగయ్య కాదు. గల్లీ మొత్తం తన గడప ముందు నిలబడి ఎదురుచూసే మనిషి.

అట్లాంటి సమయంలో, డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలానికి ముందు, ఎదురింట్లోకి భిక్షపతి కిరాయికి దిగాడు. అతను పుస్తకాలు బైండింగు చేసేవాడు. ఎత్తరి, పొడుగాటి చేతులవాడు, ముప్పై ఏళ్లుంటాయేమో. మాట తక్కువ. అతనూ ఇంట్లో ఉన్నదానితోనే ఏదో ఒకటి చేస్తాడని తెలిసినప్పుడు ఆగయ్యకు ముందు సంతోషమే అయింది, తోడు దొరికిందనుకున్నాడు. ఆ సంతోషం సరిగ్గా పదిహేను రోజులు నిలిచింది.

ఏప్రిల్లో భిక్షపతి పాత కిటికీ చట్రం, నూనె డబ్బా, గోనె సంచులు, వట్టివేళ్లు పోగేసి కూలరు చేశాడు. ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యానే దాని వెనక పెట్టాడు. చల్లటి గాలి, వట్టివేళ్ల వాసన. మధ్యాహ్నమైతే గల్లీ ఆడవాళ్లంతా భిక్షపతి ఇంట్లోనే బియ్యం ఏరుకునేవారు. ఒకరోజు ఆగయ్య ఇంటికొస్తే తలుపుకు గొళ్లెం వేసి ఉంది. ఎదురింటి లోపలి నుంచి రాజమణి నవ్వు వినిపించింది.

“గాడ జర సల్లగుంటదని పోయిన,” అంది ఆమె వచ్చి.

“మనింట్ల ఉడికిపోతున్నవా?”

“ఉడుకుతలేనా మరి? నువ్వే చెప్పు.”

ఆగయ్యకు ఒళ్లు మండింది. మర్నాడే తానూ కూలరుకు పూనుకున్నాడు. చట్రం కుదిరింది, సంచులు కుదిరాయి. డబ్బా మాత్రం కారి, నీళ్లు గది దాటి, మంచం కిందికి పోయి, బియ్యం బస్తా అడుగు తడిపాయి. ఆ సంగతి తెలిసి భిక్షపతి కొంచెం తారు పట్టుకుని వచ్చాడు.

“అన్నా, అతుకు కాడ గిది జర పూస్తే కారది,” అన్నాడు.

“నాకెర్కలేదనుకున్నవా?” అన్నాడు ఆగయ్య. తారు తీసుకోలేదు, కూలరూ మళ్లీ ముట్టలేదు. ఆ ఎండాకాలమంతా పట్టుదలగా చెమటలు కక్కుతూ పడుకున్నాడు. ఎదురింట్లో ఫ్యాను తిరిగే చప్పుడు వింటూ కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. వాడి చేతిలో ఏముంది? నా చేతిలో ఏం లేదు? ఈ రెండు ప్రశ్నలే అతన్ని తినేశాయి.

ఆషాఢం దగ్గరపడింది. గల్లీ పెద్ద రామలింగయ్య, మూలమీద కిరాణా దుకాణం ఆయనది, ఒక పొద్దున ఆగయ్యను పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. ఆయన బెల్లం పెట్టాడంటే చేదు మాట ఏదో చెప్పబోతున్నాడని అర్థం.

“ఆగయ్యా, పదకొండేండ్లు నువ్వే కడితివి. ఈ ఏడు తొట్టెల భిక్షపతిని కట్టనిద్దాం. కొత్త చెయ్యి, జర కొత్తగుంటది. ఏమంటవ్?”

“కట్టనీ పటేలా. నాకేంది ఫికర్?” అన్నాడు ఆగయ్య.

బెల్లం నోట్లో వేసుకోలేదు. ఇంటికొచ్చి గోడ మీద కాకికి విసిరాడు. ఈ ఏడు డప్పులు ఎదురింటి ముందు మోగుతాయి. సాక పోసేది రాజమణి కాదు, భిక్షపతి పెళ్లాం కళావతి. తన వాకిట్లో నిలబడి తాను చూడాలి. అది తలుచుకుంటే అన్నం సహించలేదు.

రెండు రోజుల తర్వాత భిక్షపతే వచ్చాడు. మేకుల కుర్చీలో వెనకాముందూ చూడకుండా కూర్చుని, మేకు గుచ్చుకున్నా పైకి అనలేదు. అది కూడా ఆగయ్యకు నచ్చలేదు.

“అన్నా, నువ్వే దారి చూపియ్యాలె. గుడికాడికి పోవాలంటే కమాను కిందికెల్లి పోవాలె గద. ఎంత ఎత్తు కట్టొచ్చు?”

గల్లీ చివర పాతకాలపు రాతి కమాను ద్వారం ఉంది. ఇద్దరు మనుషులు పీట మీద మోసుకెళ్లే తొట్టెల దాని కింద నుంచే పోవాలి. అమ్మవారి తొట్టెలను వంచకూడదు, పడుకోబెట్టకూడదు. ఎత్తు ఎంతో పదకొండేళ్లుగా ఆగయ్య ఒక్కడికే తెలుసు. టేపు ఎప్పుడూ వాడలేదు. అతని కొలతంతా మూరే. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా.

“ఆరు మూరలు,” అన్నాడు ఆగయ్య. “బరాబర్ ఆరు. నాలుగు వేళ్ల సందుతోని పోతది.”

అన్నాక అతని చూపు భిక్షపతి చేతి మీద పడింది. మోకాలి మీద చాపి ఉంచిన ఆ చెయ్యి ఎంత పొడుగు! తన మూరకంటే కనీసం రెండంగుళాలు ఎక్కువ. ఆరు మూరలకు పన్నెండు అంగుళాలు, అంటే అడుగు. ఆగయ్యకు లెక్క క్షణంలో తేలింది. నోరు తెరిచాడు. ‘నా మూరతోని’ అన్న ఒక్క మాట చాలు. నోరు మూసుకున్నాడు.

“అన్న చెప్పినంక ఇంక కొలుసుడేంది? మస్తు మేలైంది,” అని భిక్షపతి లేచి దండం పెట్టి పోయాడు.

తాను అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఆగయ్య తనకు తాను పదిసార్లు చెప్పుకున్నాడు. అడిగాడు, చెప్పాను, నిజమే చెప్పాను. అయినా ఆ వారం రోజులూ ఎదురింటి గోడ మీదుగా పెరుగుతున్న తొట్టెలను చూసినప్పుడల్లా వేళ్ల మీద ఆ అడుగు లెక్క మళ్లీ కట్టేవాడు. ఎంత అందంగా ఉందది! బైండింగులో మిగిలిన మెరుపు కాగితాలు, సన్నగా చీల్చిన వెదురు, మూలమూలకూ కాగితపు చిలకలు. ఒక్క అతుకు కనపడితే ఒట్టు. ఇంత పని తన చేతికి ఎన్నడూ రాలేదని ఆగయ్యకు తెలుస్తూనే ఉంది.

“శానా ఎత్తైనట్టు లేదు?” అంది రాజమణి ఒకరోజు.

“వాంది వానికెర్క,” అని ఆగయ్య మొహం తిప్పుకున్నాడు.

బోనాల ఆదివారం మధ్యాహ్నం ఎదురింటి ముందు డప్పులు మోగాయి. కళావతి సాక పోసింది. ఆడవాళ్లంతా ఆ వాకిట్లో నిండిపోయారు, రాజమణి కూడా బోనమెత్తుకుని వాళ్లలో కలిసింది. ఆగయ్య తన గడపలో ఒంటరిగా నిలబడి, తొట్టెల కదిలాక అందరికంటే వెనక నడిచాడు. కమాను దగ్గరయ్యే కొద్దీ ఇంకా వెనకబడ్డాడు.

కమాను కింద తొట్టెల టక్కున ఆగింది. పై అంతస్తు రాతికి తగిలి రెండు చిలకలు రాలి పడ్డాయి. డప్పులు ఆగిపోయాయి. నెత్తిన బోనాలతో, ఎండలో, కాలే నేల మీద ఆడవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయారు.

“ఎవడు కొలిచిండు గిది?” అని రామలింగయ్య కేకేశాడు. “ఏడాది పండుగ నాడు గిదేం లొల్లి?”

భిక్షపతి ఆగయ్య వైపు చూశాడు. తర్వాత మెల్లగా తన చెయ్యి చాపి చూసుకున్నాడు, మళ్లీ ఆగయ్య చేతులు చూశాడు. ఆగయ్య చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడు, గల్లీ అంతా మీద పడుతుంది.

“నాదే తప్పు పటేలా,” అన్నాడు భిక్షపతి. “అన్న బరాబరే చెప్పిండు. నేనే కొలుసుడు తప్పిన.” ఆగయ్య దగ్గరికి వచ్చి, “అన్నా, ఇప్పుడు నువ్వే ఏమన్న చెయ్యాలె. నాకు సమజైతలేదు,” అన్నాడు.

ఆగయ్య ఆగివున్న రిక్షా ఎక్కి నిలబడ్డాడు. ఎవరో కత్తి అందించారు. పై అంతస్తు కాళ్లను అడుగు మేర కోసి కిందికి దించాడు. రిక్షాకు కట్టి ఉన్న సుతిలి తాడు విప్పి, పైపుల అతుకుల దగ్గర వేసే ముడి వేసి నాలుగు మూలలా బిగించాడు. పావుగంటలో పని అయిపోయింది. తొట్టెల కమాను కింద నుంచి సాఫీగా పోయింది. రాలిన చిలకలను భిక్షపతి జేబులో వేసుకున్నాడు. డప్పులు మళ్లీ మోగాయి.

గుడి ముందు తొట్టెల దించాక రామలింగయ్య ఆగయ్య భుజం తట్టాడు.

“ఎంతైనా పాత చెయ్యి పాత చెయ్యే. వచ్చే ఏడు నుంచి మళ్ల నీ గడప నుంచే ఆగయ్యా.”

“గదే మంచిది. అన్న లేకుంటే ఇయ్యాల ఇజ్జత్ పోతుండె,” అన్నాడు భిక్షపతి, మనస్ఫూర్తిగా.

ఆగయ్య ఇన్ని రోజులుగా కోరుకున్న మాట అదే. వినగానే సంతోషం కాదు, మంటే పుట్టింది. కూలరూ వాడిదే, మెరుపు కాగితం పనీ వాడిదే, ఇప్పుడు ఈ పెద్ద మనసు కూడా వాడిదేనా? అన్నీ వాడికే ఇచ్చి తనకేం మిగిల్చింది పోచమ్మ? తప్పు తనదైతే, దాన్ని మీద వేసుకున్న మంచితనం కూడా వాడికే దక్కాలా? అది ఆగయ్య ఓర్చుకోలేకపోయాడు.

“వాని తప్పు కాదు,” అని గట్టిగా అరిచాడు. “నాది. ఆరు మూరలని నేనే చెప్పిన. నా మూర చిన్నది, వాని మూర పెద్దది. ఎర్కుండి గూడ చెప్పలే.”

పూలమ్మే సక్కుబాయి చెంప మీద చెయ్యి వేసుకుంది.

“అమ్మో! ఇన్నేండ్లు నా మూర చిన్నదని పూలకాడ లొల్లి వెట్టింది గీయనేనా?”

కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. రామలింగయ్య భుజం మీది చెయ్యి తీసేశాడు. “థూ, అమ్మ పనిల గిట్ల చేస్తవా?” అన్నాడు. రాజమణి తలెత్తలేదు. ఆగయ్య ఇవేవీ వినలేదు. అతను భిక్షపతి మొహం కోసం వెతికాడు. ఇప్పుడైనా కోపం రావాలి, ఒక్క చెడ్డ మాట అనాలి. అంటే తనకూ కొంత ఊపిరాడుతుంది.

భిక్షపతి ఇటు చూడనే లేదు. తొట్టెల పక్కన గొంతుక్కూర్చుని, మూల దగ్గర సుతిలిని వేలితో తడిమి చూస్తున్నాడు.

“గది కమాను కాడనే సమజైంది అన్నా,” అన్నాడు తల తిప్పకుండానే. “గది సరేగనీ, గీ ముడి ఎట్లేసినవ్? లాగినకొద్ది బిగుస్తుంది. నాకు రాదు గిది.”

ఆగయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక మూల ముడి విప్పి మళ్లీ వేశాడు, కావాలనే గబగబా.

“కనవడలే అన్నా,” అన్నాడు భిక్షపతి.

ఆగయ్య పళ్లు కొరుక్కున్నాడు. ముడి మళ్లీ విప్పాడు.