పచ్చిపులుసు ఒలికిన రోజు

దయ్యం పేరెత్తితే నాకు ముందు నవ్వొచ్చేది, తర్వాత కోపం వచ్చేది. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని. చింతచెట్టు కింద ఏదో తెల్లగా కనబడిందని ఏడ్చిన పిల్లల్ని అదే చెట్టు కింద కూర్చోబెట్టి పాఠం చెప్పాను. అట్లాంటి నేను ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను. అయినా జరిగింది జరిగినట్టు చెప్పక తప్పదు.

రిటైరయ్యాక నేనూ మా తోడికోడలు సరోజా వారానికి మూడు రోజులు గరిడేపల్లిలో వంట చేసి, ఆటోలో సూర్యాపేట పెద్ద దవాఖాన గేటు దగ్గరికి తీసుకెళ్తున్నాం. రోగులకు తోడుగా వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం. అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు. మాంసం, గుడ్డు ఎలాగూ ఉండవు, పెరుగు కూడా పెట్టం. ఒకసారి ఎండకు పెరుగు పులిసిపోయి నలుగురి కడుపులు పాడయ్యాయి. అప్పటినుంచి పాలు, నెయ్యి కూడా మానేశాం. ఇప్పుడు ఎవరూ వంక పెట్టకుండా తింటారు.

అక్కడ ఎండలో ఎవరూ నిలబడరు. తమ టిఫిన్ డబ్బానో గిన్నెనో వరసలో పెట్టి నీడకు పోతారు. మొదటి డబ్బా ఎప్పుడూ లచ్చమ్మదే. పెన్‌పహాడ్ దగ్గరి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. పక్షవాతం వచ్చిన భర్తతో మూడు వారాలుగా దవాఖానలోనే ఉంది. ఆయనకు మెతుకు గొంతు దిగాలంటే పులుసు కావాలి. "బిడ్డా, ముసలోనికి ఇంకో గంటె పొయ్యి, నీ కడుపు సల్లగుండ" అని ప్రతిసారీ అడిగేది. నేను విసుక్కుంటూనే పోసేదాన్ని.

ఆ రోజు శుక్రవారం. పులుసు బకెట్లో తీసుకెళ్తే ఆటో కుదుపులకు సగం ఒలికిపోతుంది. అందుకని మూత ఉన్న పెద్ద డబ్బాలో పోసుకెళ్తాం. పొద్దున చూస్తే ఆ డబ్బాకు పగులు. పెరట్లో ఇంకో తెల్ల డబ్బా కనిపిస్తే నీళ్లు పోసి ఒక్కసారి ఆడించి, పులుసు నింపేశాను. తొందర ఒకటి. పైగా ఎవరినీ అడిగే అలవాటు నాకు లేదు.

ఒంటిగంటకు గేటు దగ్గర పులుసును బకెట్లోకి వంపాం. గంటె ముంచబోయాను. ఎదురుగా లచ్చమ్మ వంగి, రెండు చేతులూ బకెట్‌కు అడ్డం పెట్టింది.

"పులుసు పొయ్యకు బిడ్డా."

"నీకు వద్దంటే పక్కకు జరుగు" అన్నాను.

"ఎవలకూ పొయ్యకు."

జరగలేదు. వెనకాల నీడలో ఎనభై మంది ఆకలితో ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. "పెట్టింది తినక నీకు పెత్తనాలెందుకు!" అని అరిచి, మణికట్టు పట్టుకుని లాగాను. అంత ఎండలోనూ ఆ చెయ్యి బావినీళ్లలా చల్లగా ఉంది. ఆ గుంజులాటలో బకెట్ బోర్లాపడింది. పులుసంతా మట్టిపాలైంది.

సరోజ నా భుజం పట్టి ఊపింది. "అక్కా, ఎవలతోని కొట్లాడుతున్నవ్? బకెట్ నువ్వే గుంజి పారబోసినవ్!"

చూస్తే లచ్చమ్మ లేదు. వరసలో ఆమె డబ్బా కూడా లేదు.

నేనింకా అటూ ఇటూ వెతుకుతుండగానే ఫోన్ మోగింది. మా ఇంటాయన. "పెరట్ల తెల్లడబ్బా ఏదే? అండ్ల నిన్న కలుపు మందు కలిపిన, ఇంకా కడగలే. జర పైలం, ముట్టకుండ్రి."

డబ్బా మూత తీసి వాసన చూశాను. చింతపండు, ఉల్లిగడ్డ, పోపు. వాటి అడుగున ఇంకో వాసన. పొద్దున నా ముక్కు ఏ గంగలో కలిసిందో! "అయ్యో దేవుడా" అని అక్కడే కూలబడ్డాను. ఎనభై మందికి నా చేత్తో విషం పోసేదాన్ని. మొదటి గంటె ఆ ముసలాయనకే పోయేది.

పప్పుతోనే అందరికీ పెట్టమని సరోజకు చెప్పి, లచ్చమ్మ కాళ్ల మీద పడదామని వార్డుకు పరుగెత్తాను. తలుపు దగ్గరే నర్సును అడిగాను. ఆమె గొంతు తగ్గించింది.

"ఆమె పొద్దుగాల్నే చనిపోయింది మేడం. వరండాల పండుకున్న మనిషి లెవ్వలే. ముసలాయనకు ఇంకా చెప్పలే. కొడుకు వచ్చినంక చెప్తమన్నరు."

నమ్మలేదు. చూపించమని పట్టుబట్టాను. గుడ్డ తీసి చూపించారు. లచ్చమ్మే.

నా ముక్కు మందు వాసన పసిగట్టిందనీ, మనసు మనిషిని కల్పించిందనీ సరోజ అంటుంది. నేనూ ఆ మాటే పట్టుకుని వేలాడాను. ఎప్పుడూ ముందుండేది ఆమే కాబట్టి ఆమె రూపమే తోచింది అనుకుందాం. మరి ఆ చెయ్యి? ఆ చల్లదనం నా అరచేతికి ఇప్పటికీ తెలుస్తుంది. నేను చెప్పిన సైన్సులో దానికి జవాబు దొరకలేదు.

ఇదంతా తర్వాతి ఆలోచన. అప్పుడు మాత్రం అన్నం, పప్పు మెత్తగా పిసికి తీసుకుని ముసలాయన మంచం దగ్గరికి పోయాను. ఒక ముద్ద నోట్లో పెట్టాను. ఆయన కష్టంగా మింగి, తలుపు వైపు చూశాడు.

"మా ఆమె ఇంకా రాలే. లైన్ల ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దయ్యా. ఇప్పుడే చూసిన" అన్నాను.

అబద్ధం చెప్పానో, నిజం చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.