నీలి బానకి తోడు

ఉమ్‌హ్లాలి శనివారం సంతలో ఇవాళ నొమ్‌సా దుకాణం ముందు ఆగేసరికి, తడి ఆరని నీలి గుడ్డల వాసన ముక్కుకి తగిలింది. పులిసిన తవుడు, సున్నం, ఎక్కడో అడుగున బెల్లం తీపి. ఆ వాసనకి అచ్చమ్మ అవ్వ గుర్తుకు రావాలి. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాతే అవ్వ గుర్తొచ్చింది.

ఈ దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడు, రంగుల రసాయనం చదువుకున్న నేను డర్బన్ దగ్గర బట్టల మిల్లులో ఉద్యోగానికి ఆంధ్రా నుంచి వచ్చాను. అచ్చమ్మ అవ్వ ఎప్పుడో ఇక్కడి చెరకుతోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు. పెరట్లో పెంచిన నీలిమొక్కలతోనే, నానమ్మ నేర్పిన పద్ధతిలో గుడ్డలకి రంగు వేసేది. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి మిగల్లేదు. నేను నోరు విప్పగానే చెయ్యి పట్టుకుని, ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మంది. ఇంక ఆ విద్య నాదేననుకున్నాను.

కానీ అప్పటికే పక్కింటి జూలూ ఆవిడ నొమ్‌సా ఉంది. నా ఈడుదే. నీలిరంగు పులియబెట్టే బానలో వేలు ముంచి, నాలుకకి రాసుకుని, సున్నం చాలిందో లేదో చెప్పడం ఆమె పని. గుడ్డలు జాడించడం నా పని. సున్నం పాలు చూడ్డానికి నేను మిల్లు నుంచి తెచ్చిన పరీక్ష కాగితం తీస్తే అవ్వ నవ్వేది. నొమ్‌సాని బిడ్డా అని పిలిచేది, నన్ను మేడమ్ అనేది. ఆ ఒక్క మాటకి ఇంటికి వెళ్ళే దారి పొడవునా కుమిలిపోయేదాన్ని.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. లోపల కోపమో, ఒకరి మీద ఏడుపో పెట్టుకున్నవాళ్ళు బాన మూత తియ్యకూడదు. మూఢనమ్మకమని నవ్వుకున్నాను.

ఒకసారి అవ్వ లేడీస్మిత్‌లో పెళ్ళికి వెళ్తూ బానని నొమ్‌సాకి అప్పగించింది. నేను వెళ్ళేసరికి ఆమె పెరట్లో లేదు. మూత తీసి కాగితం ముంచాను. సున్నం తక్కువైందని ఆ కాగితం చెప్పలేదు, నా కడుపుమంట చెప్పింది. ఆమె తప్పు నేను దిద్దాననిపించుకోవాలని రెండు గుప్పిళ్ళ సున్నం కలిపేశాను. అవ్వ తిరిగొచ్చేసరికి బాన చచ్చిపోయింది. ముంచిన గుడ్డ జాడిస్తే రంగంతా నీళ్ళలో పోయి తెల్లగా మిగిలింది. నొమ్‌సా తలవంచుకుని నిలబడింది. నేను నోరెత్తలేదు.

అవ్వ ఎవరినీ అడగలేదు. నా చెయ్యి తీసుకుని, సున్నానికి పగిలిన వేలికొసలు తడిమింది.

"నీకు సదువుంది మేడమ్. నీ చెయ్యే బానని సంపేసింది గదా," అంది. కోపంగా కూడా అనలేదు.

పెరుగుకి తోడు వేసినట్టు, కొత్త బానకి పాత బాన నీళ్ళే తోడు. నొమ్‌సా తన ఇంటికెళ్ళి ఒక కుండ తెచ్చింది. అవ్వ ఎప్పటినుంచో తోడు ఆమె దగ్గరే దాచిందని అప్పుడు తెలిసింది. బాన బతికినందుకు సంతోషించాల్సింది. ఆ కుండ నా ఇంట్లో ఎందుకు లేదని ఏడ్చాను.

అవ్వ పోయినరోజు సమాధి దగ్గర నొమ్‌సా నాతో తెలుగులోనే మాట్లాడింది.

"తోడు నీకూ ఇయ్యమంది అవ్వ. నువ్వు నోరు తెరిసి అడిగినప్పుడే ఇయ్యమంది."

అవ్వ యాస కూడా ఆమెకే దక్కింది.

మిల్లులో ఇన్నేళ్ళు రంగులు వేయించాను. ఇప్పటికీ ఏ గుడ్డ చూసినా వేలు తడి చేసుకుని తడుముతాను. అది అవ్వ అలవాటు. మంట మాత్రం నా సొంతం, అదీ పోలేదు.

ఇవాళ నొమ్‌సా గుడ్డ మడతపెడుతూ, "తోడుకి బాటిల్ తెచ్చినావా?" అంది. నేను సంతకి వచ్చినప్పుడల్లా అడుగుతుంది.

నిన్న కడిగి ఆరబెట్టిన సీసా నా సంచిలోనే ఉంది. మర్చిపోయానన్నాను.